లీనా హార్న్ ఎవరు? డాన్సరా, జాజ్ సింగరా?

సుధ_ఎడిసన్

పోయిన శనివారం పిల్లల్ని తీసుకుని మన్‌హాటన్ వెళ్ళాం, 47వ వీధిలో ఓ మ్యూజికల్ చూడ్డానికి. థియేటర్ పేరు లీనా హార్న్ థియేటర్. మా పెద్దది "ఎవరమ్మా ఈవిడ" అంటే ఎవరో పాత సింగర్‌లే అనేసి టికెట్ల హడావుడిలో పడిపోయాను. తర్వాత వెతికితే ఒకచోట డాన్సర్ అంటారు, ఒకచోట జాజ్ సింగర్, ఇంకోచోట సినిమా నటి, ఇంకోచోట పౌరహక్కుల ఉద్యమం. రెండు పాటలు విన్నాను, బావున్నాయి. కానీ నాకు జాజ్ అంటే ఓనమాలు కూడా రావు. ఈ గ్రూపులో పాత సంగీతం తెలిసినవాళ్ళు ఉన్నారు కదా, కాస్త చెప్తారా?

బెజవాడ_బుల్లోడు

జాజ్ సింగర్ అంటే ఎల్లా ఫిట్జెరాల్డ్, బిల్లీ హాలిడే, సారా వాన్. ఈవిడ అందగత్తె, హాలీవుడ్ స్టూడియో ఎమ్.జి.ఎమ్. వాళ్ళు పైకి తెచ్చారు, అంతే. పాట పర్లేదు. జాజ్ అనాలంటే అప్పటికప్పుడు కల్పించి పాడాలి, ఈవిడ రాసింది రాసినట్టు పాడేస్తుంది.

పాత_రికార్డులు

బుల్లోడు గారు వచ్చేశారు, ఇక థ్రెడ్ నడుస్తుంది.

సుధ గారూ, ఆ థియేటర్‌కి ఆ పేరు పెట్టింది 2022లో, అంతకుముందు బ్రూక్స్ ఆట్కిన్సన్ అనేవారు. బ్రాడ్వేలో, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో, నల్లజాతి మహిళ పేరుతో ఉన్న మొదటి థియేటర్ అది.

ఆవిడ పుట్టింది 1917 జూన్ 30, బ్రూక్లిన్‌లో. బాగా చదువుకున్న, పేరున్న నల్లజాతి కుటుంబం. నాయనమ్మ కోరా హార్న్ హక్కుల కోసం సంఘాల్లో తిరిగిన మనిషి. నల్లజాతివాళ్ళ పెద్ద సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. బులెటిన్‌లో 1919లో రెండేళ్ళ లీనా ఫోటో పడింది, మా అతి చిన్న సభ్యుల్లో ఒకరు అని. అంటే నడక సరిగా రాకముందే సభ్యత్వం. నాన్న జూదగాడు, ఆ పిల్లకి మూడేళ్ళప్పుడు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. అమ్మ నాటక కంపెనీతో ఊళ్ళు తిరిగే నటి. పిల్లని కొన్నాళ్ళు తనతో తిప్పుకుంది, కొన్నాళ్ళు జార్జియాలో వాళ్ళింట్లో వీళ్ళింట్లో వదిలేసింది. కుదురుగా ఒక బడి లేదు, హైస్కూల్ కూడా పూర్తి కాలేదు.

1933లో, పదహారేళ్ళకి, అమ్మే తెలిసినవాళ్ళ ద్వారా కాటన్ క్లబ్ కోరస్‌లో చేర్పించింది. ఇంట్లో డబ్బుకి కటకట. హార్లెంలో ఉన్న క్లబ్బు, నడిపేది గ్యాంగ్‌స్టర్లు, వేదిక మీద అందరూ నల్లవాళ్ళు, కింద టేబుళ్ళ దగ్గర అందరూ తెల్లవాళ్ళు. అలంకరణ కూడా పాత దక్షిణాది దొరల బంగళాలాగా ఉండేదట, బానిసత్వం రోజుల్ని గుర్తు చేసుకుంటూ మందు కొట్టడానికి. డ్యూక్ ఎల్లింగ్టన్, క్యాబ్ కాలోవే జాజ్ బ్యాండ్లు పెద్దవైంది అక్కడే, అది కూడా నిజమే. లీనా అక్కడ వరసలో నిలబడి డాన్స్ చేసే అమ్మాయి. కాబట్టి మీ ప్రశ్నకి మొదటి జవాబు: ముందు డాన్సరే.

నల్లరేగడి

ఒక ముక్క కలపాలి. ఆ కోరస్‌లో చేరాలంటే వయసు, ఎత్తు, వీటితోపాటు రంగు కూడా చూసేవాళ్ళు. నల్లజాతి అమ్మాయే కావాలి, కానీ మరీ నల్లగా ఉండకూడదు. మన పెళ్ళి ప్రకటనల్లో "చామనఛాయ కన్నా మెరుగు" అని వేస్తారు చూడండి, ఆ గీత దగ్గర నిలబెట్టి ఎంచేవాళ్ళు. లీనా మొత్తం కెరీర్ ఆ గీత మీదే నడిచింది. అదృష్టం అనాలో శిక్ష అనాలో నాకు తెలీదు.

కూచిపూడి_లక్ష్మి

నేను డాన్స్ టీచర్‌ని, జాజ్ గురించి పెద్దగా తెలీదు. కానీ ఈవిడ వీడియోలు మూడు నాలుగు చూశాక ఒకటి చెప్పాలనిపించింది. పాడేటప్పుడు పెద్దగా కదలదు. నిలబడే ఉంటుంది. అయినా డాన్సర్ అని తెలిసిపోతుంది. మాట ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ తెగాలో ఒంటికి తెలుసు. పెదవులు, పళ్ళు, మెడ, భుజం, అన్నీ ఒక్కో దరువు మీద పడతాయి. మా పాత గురువులు భామాకలాపం ఆడేటప్పుడు తామే పాడుకునేవాళ్ళు, తామే మాట్లాడేవాళ్ళు, ఇప్పుడంటే పక్కన గాయకులు కూర్చుంటున్నారు గానీ. అలా ఆడుతూ పాడినవాళ్ళ గొంతులో ఊపిరి లెక్క వేరేగా ఉంటుంది, పల్లవి చివర గాలి అయిపోదు. ఈవిడ దగ్గర అదే కనిపించింది. బుల్లోడు గారూ, కల్పించడం అంటే స్వరాలే కల్పించాలా? మాటని అర తాళం వెనక్కి లాగి వదలడం కల్పన కాదా?

బెజవాడ_బుల్లోడు

లక్ష్మి గారూ, లాగి వదలడం పాప్ గాయకుడు సినాత్రా కూడా చేస్తాడు, ఆయన్నీ జాజ్ అంటారా?

పాత_రికార్డులు

చాలామంది అంటారు. సరే ముందు కథ కానివ్వండి.

1934లో కాటన్ క్లబ్ షోలో ఆవాన్ లాంగ్ అనే కుర్రాడితో కలిసి ఒక జంట పాట దొరికింది. కోరస్ వరసలోంచి ముందుకి రావడం అదే. ఎదగనిస్తారా అంటే లేదు. మారుతండ్రి వెళ్ళి ఈ పిల్లకి ఇంకాస్త మంచి అవకాశం ఇవ్వండి అని అడిగితే క్లబ్బు మనుషులు ఆయన్ని చితక్కొట్టారు. బయటపడి 1935లో నోబుల్ సిసిల్ బ్యాండ్‌లో గాయనిగా చేరింది, అప్పటి పేరు హెలీనా హార్న్. తర్వాత పెళ్ళి, పిట్స్‌బర్గ్, ఇద్దరు పిల్లలు. ఆ పెళ్ళి నిలవలేదు. విడిపోయినప్పుడు కూతురు గెయిల్ ఈవిడ దగ్గర, కొడుకు టెడ్డీ తండ్రి దగ్గర.

1940 చివర్లో చార్లీ బార్నెట్ బ్యాండ్. అది తెల్లవాళ్ళ బ్యాండ్, దాంట్లో ఈవిడొక్కతే. బ్యాండ్ అంతా దిగిన హోటల్లో ఈవిడకి గది ఇవ్వని ఊళ్ళున్నాయి. విసిగిపోయి 1941లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో కేఫే సొసైటీకి వచ్చింది. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు అనే క్లబ్బు ఆ రోజుల్లో చాలా అరుదు, బార్నీ జోసెఫ్సన్ అనే ఆయన పట్టుబట్టి నడిపాడు. బిల్లీ హాలిడే పేరు తెచ్చుకుంది అక్కడే. టెడ్డీ విల్సన్ పియానో. వామపక్ష భావాలున్న నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ పరిచయమైంది అక్కడే, మీ నాయనమ్మ నాకు తెలుసు అన్నాడట.

ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్ళినప్పుడు బిల్లీ స్ట్రేహార్న్ కలిశాడు. ఎల్లింగ్టన్ పక్కన ఉండి సగం సంగీతం రాసిన మనిషి. లీనాకి పాటలో చదువు చెప్పింది ఆయనే, ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. ఆవిడకి పెళ్ళి చేసుకోవాలని ఉండేది కానీ ఆయన స్వలింగ సంపర్కుడు, చివరిదాకా ప్రాణస్నేహితులుగా ఉండిపోయారు. బుల్లోడు గారూ, స్ట్రేహార్న్ దగ్గర నేర్చుకున్న మనిషిని పట్టుకుని జాజ్ కాదంటే ఎలా అండి?

సోమయాజులు

చిన్నప్పుడు మా ఊళ్ళో ఇంగ్లీషు సినిమాలు ఉదయం ఆటగా వేసేవారు. అందులో ఈవిడని చూశానో లేదో చెప్పలేను గానీ, ఆవిడ సినిమాల గురించి ఒక పుస్తకంలో చదివాను. కథతో సంబంధం ఉండదట, మధ్యలో వచ్చి స్తంభానికి ఆనుకుని పాట పాడి వెళ్ళిపోతుందట. నిజమేనా?

పాత_రికార్డులు

నిజమే సార్. అసలు విషయం అక్కడే ఉంది.

1942లో ఎమ్.జి.ఎమ్. దీర్ఘకాలం కాంట్రాక్ట్ ఇచ్చింది, అంత పెద్ద స్టూడియోతో అలాంటి ఒప్పందం ఉన్న మొదటి నల్లజాతి తారల్లో ఒకరు. ఎన్.ఎ.ఎ.సి.పి. నాయకుడు వాల్టర్ వైట్ ఆవిడ వెనక ఉన్నాడు, ఇక పనిమనిషి వేషాలు వెయ్యకూడదు అని. ఎప్పుడో వెళ్ళిపోయిన నాన్న ఈ సమయానికి దిగాడు చూడండి, మంచి సూటు వేసుకుని స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ ఎదురుగా కూర్చుని, మా అమ్మాయికి పనిమనిషిని నేనే పెట్టగలను, ఆవిడ పనిమనిషి వేషం వెయ్యాల్సిన అవసరం లేదు అన్నాడట. ఆ సీన్ నాకు భలే ఇష్టం.

మరి పనిమనిషి కాకపోతే ఏం వేషం? వాళ్ళకి తెలీలేదు. అందుకని ఏ వేషమూ ఇవ్వలేదు. మంచి గౌను వేసి, ఒక పాట ఇచ్చి, కథకి అతుక్కోకుండా పెట్టారు. ఎందుకంటే దక్షిణ రాష్ట్రాల్లో థియేటర్ల వాళ్ళు ఆ ముక్క కత్తిరించేసి సినిమా ఆడించుకోవచ్చు, కథ ఎక్కడా తెగదు. ఆ కాంట్రాక్ట్ రోజుల్లో అంతా నల్లజాతి తారాగణంతో తీసినవి రెండే, రెండూ 1943లోనే వచ్చాయి: క్యాబిన్ ఇన్ ద స్కై, స్టార్మీ వెదర్. వాటిలో మాత్రం పూర్తి వేషం.

సోమయాజులు

కత్తిరింపు అంటే గుర్తొచ్చింది. మన దగ్గర డెబ్బైల్లో క్లబ్ పాట అంతే కదా నాయనా. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, జ్యోతిలక్ష్మి డాన్సు, జనం ఈలలు. కథకి ఆ పాటతో పనిలేదు. మా టూరింగ్ టాకీసులో ఆలస్యమైతే ఆపరేటరు తీసేసేది మాత్రం హీరో తల్లి ఏడుపు సీను, ఆ పాట జోలికి పోతే కుర్చీలు విరిగేవి.

బెజవాడ_బుల్లోడు

సోమయాజులు గారూ 😂 అదీ తేడా. అక్కడ పాట కోశారు, ఇక్కడ అమ్మని కోశారు.

నల్లరేగడి

నవ్వులకేం గానీ మేకప్ కథ కూడా చెప్పండి ఎవరైనా. సరే నేనే చెప్తా. స్క్రీన్ టెస్టులో ఈవిడ తెల్లగా కనిపిస్తోందని మొహానికి నలుపు పూశారు. తర్వాత ఈవిడ రంగుకి సరిపడా ప్రత్యేకంగా ఒక షేడ్ తయారు చేయించారు, "లైట్ ఈజిప్షియన్" అని పేరు. 1951లో షో బోట్ సినిమా తీశారు. అందులో జూలీ అని మిశ్రమ రక్తం ఉన్న పాత్ర, గాయని, లీనా కోసమే పుట్టినట్టుంటుంది, అంతకుముందు 1946లో వచ్చిన ఇంకో సినిమాలో ఆ పాత్ర చేసే చిన్న ముక్క ఈవిడే వేసింది కూడా. చివరికి వేషం ఎవరికిచ్చారు? ఆవా గార్డ్నర్‌కి. నలుపు తెలుపు జంటని తెర మీద చూపించకూడదని సినిమా నిబంధన. పైగా తన కోసం చేసిన ఆ మేకప్పే ఆవాకి పూశారని లీనా చెప్పేది. ఆవా ఈవిడకి మంచి స్నేహితురాలు కూడా, ఆవిడ మీద కోపం లేదు.

కాబట్టి "అందగత్తె, అంతే" అన్న బుల్లోడు గారికి: ఆ అందం వల్ల ఆవిడకి వచ్చింది గౌను, స్తంభం. దాన్ని గురించి ఆవిడే తర్వాత అంది, తెల్లవాళ్ళకి మింగుడుపడే రకం నల్లమనిషిని కాబట్టి నన్ను ఒప్పుకున్నారు, నేనేం చేశానని కాదు, ఎలా కనిపిస్తానని, అది అన్నిటికన్నా చెడ్డ ఒప్పుకోలు అని.

సుధ_ఎడిసన్

ఇంత ఉందా దీని వెనక. తోటి నల్లజాతి నటులు ఎలా చూశారు ఈవిడని? సంతోషించి ఉంటారు కదా?

పాత_రికార్డులు

చాలామంది కోప్పడ్డారు సుధ గారూ. పనిమనిషి వేషాలు, అడవిమనిషి వేషాలు వేసుకుని ఇల్లు గడుపుకుంటున్నవాళ్ళు వాళ్ళు. నువ్వొచ్చి ఇవి తప్పు అంటే మా గతేంటి అన్నారు, మీటింగ్ పెట్టి మరీ నిలదీశారు. అండగా నిలబడింది హాటీ మెక్‌డానియెల్, పనిమనిషి వేషానికి ఆస్కార్ తీసుకున్న ఆవిడ. ఇంటికి పిలిచి ధైర్యం చెప్పింది. నాకైతే ఇద్దరి మీదా గౌరవం పెరిగింది అది చదివాక.

యుద్ధం రోజుల్లో ఇంకోటి. నల్లజాతి సైనికులు పెట్టెల మీద అతికించుకునే ఫోటో ఈవిడదే. ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక సైనిక శిబిరంలో పాడటానికి వెళ్తే ముందు వరసల్లో జర్మన్ యుద్ధఖైదీలు, వాళ్ళ వెనకాల నల్లజాతి సైనికులు. శత్రువులు ముందు, సొంత సైన్యం వెనక! ఈవిడ వేదిక దిగి, ఖైదీలని దాటుకుని వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి మనవాళ్ళకి పాడింది. ఆ తర్వాత సైనిక వినోద సంస్థతో పేచీ వచ్చి సొంత డబ్బుతో శిబిరాలు తిరిగింది.

కూచిపూడి_లక్ష్మి

స్టార్మీ వెదర్ సినిమాలో ఆ పాట ఇప్పుడే చూశాను. లీనా కిటికీ దగ్గర నిలబడి పాడుతుంది, డాన్స్ మొత్తం కేథరిన్ డనమ్ బృందం చేస్తుంది. డాన్సర్‌గా మొదలైన మనిషిని కదలనివ్వలేదు! పాట కూడా చాలా శుభ్రంగా, చల్లగా, ఎవరింట్లోనో అతిథిలాగా పాడింది. ఏడుపు పాట కదా అది. ఆ పాట మొదట పాడింది ఈవిడేనా?

బెజవాడ_బుల్లోడు

కాదండి, ఎథెల్ వాటర్స్. 1933, కాటన్ క్లబ్. ఆవిడది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇదే నేను చెప్పేది, లీనాది చల్లటి పాట. లోపలికి రానివ్వదు.

పాత_రికార్డులు

రానివ్వదు. మీరన్నది కరెక్టే, కానీ అది చేతకాక కాదు. టేబుల్ దగ్గర కూర్చుని ఒంటి మీద చూపులు వేసే జనానికి పాట ఇస్తాను, నన్ను ఇవ్వను అనుకుని కావాలని కట్టుకున్న గోడ అది. ఆవిడే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది.

1947లో ఎమ్.జి.ఎమ్.లో సంగీత దర్శకుడు లెన్నీ హేటన్‌ని చేసుకుంది. ఆయన తెల్లజాతివాడు. కాలిఫోర్నియాలో అప్పటికి అలాంటి పెళ్ళి చెల్లదు కాబట్టి పారిస్ వెళ్ళి చేసుకున్నారు, 1950 దాకా బయటికి చెప్పలేదు. మొదట్లో కెరీర్‌కి పనికొస్తాడనే చేసుకున్నాను, ప్రేమ తర్వాత వచ్చింది అని కుండబద్దలు కొట్టి చెప్పింది పెద్దయ్యాక. అదే 1950లో రెడ్ ఛానెల్స్ అని ఒక పుస్తకం, కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ 151 మంది కళాకారుల పేర్లు. రోబ్సన్‌తో స్నేహం కదా, ఈవిడ పేరూ అందులో. కొన్నేళ్ళు సినిమాల్లేవు, రేడియో టీవీ దాదాపు లేవు. క్లబ్బులు, యూరప్, అంతే. లాస్ వేగస్‌లో, లండన్‌లో, న్యూయార్క్‌లో రాత్రి రాత్రి పాడింది. నన్నడిగితే గాయనిగా గట్టిపడింది అప్పుడే. 1957లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో పాడిన లైవ్ రికార్డు వినండి. ప్రతి మాట కొరికి వదులుతుంది. ఆ ఏడాదే బ్రాడ్వేలో జమైకా అనే మ్యూజికల్, దానికి నాటకరంగం అవార్డు టోనీకి నామినేషన్.

నల్లరేగడి

1960లో బెవర్లీ హిల్స్ రెస్టారెంట్‌లో ఒకడు జాతి పేరుతో తిడితే టేబుల్ లాంపూ, యాష్‌ట్రేలూ విసిరింది వాడి మీద. పేపర్లలో వచ్చింది. గోడ బీటలు పడింది అప్పుడేనేమో.

1963 జూన్‌లో మిసిసిపీ జాక్సన్ వెళ్ళి పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌తో కలిసి సభలో పాల్గొంది. కొద్ది రోజులకే ఆయన్ని ఇంటి ముందే కాల్చి చంపారు. ఆగస్టులో వాషింగ్టన్ మహాప్రదర్శన, మైకు దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అరిచింది: ఫ్రీడమ్.

సుధ_ఎడిసన్

మా అమ్మాయికి ఇది చెప్పాలి. తర్వాత?

పాత_రికార్డులు

తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1970లో నాన్న పోయాడు, అదే ఏడాది కొడుకు టెడ్డీ కిడ్నీ జబ్బుతో, ముప్ఫై ఏళ్ళవాడు. 1971లో లెన్నీ. కొన్నాళ్ళు బయటికి రాలేదు. మెల్లగా మళ్ళీ పాడింది. 1978లో ద విజ్ సినిమాలో మంచి మంత్రగత్తె వేషం, దర్శకుడు సిడ్నీ లూమెట్ ఈవిడ అల్లుడే.

1980లో ఇక చాలు అని వీడ్కోలు పర్యటన చేసింది. ఏడాది తిరక్కుండా 1981 మేలో బ్రాడ్వేలో ఒంటరి ప్రదర్శన పెట్టింది, ద లేడీ అండ్ హర్ మ్యూజిక్. 333 ప్రదర్శనలు, చివరిది తన 65వ పుట్టినరోజున. ప్రత్యేక టోనీ, గ్రామీలు. అందులో స్టార్మీ వెదర్ రెండుసార్లు పాడేది. ఒకసారి పాత పద్ధతిలో. షో చివర్లో ఇంకోసారి, ఆ రెండోది రికార్డులో ఉంది, బుల్లోడు గారూ, దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అరుస్తుంది, గుసగుసలాడుతుంది, ఒక్కో మాటని సాగదీసి తిప్పుతుంది. లోపలికి రానివ్వదు అన్నారు కదా.

బెజవాడ_బుల్లోడు

విన్నాను. రెండుసార్లు విన్నాను. ఎథెల్ వాటర్స్ పక్కన పెట్టొచ్చు, ఒప్పుకుంటా. అయినా జాజ్ అనను, గొప్ప స్టేజీ గాయని అంటాను.

పాత_రికార్డులు

1996లో గ్రామీ ఇచ్చారు, ఉత్తమ జాజ్ గాత్రం విభాగంలో. అప్పటికి ఆవిడకి 78 ఏళ్ళు.

బెజవాడ_బుల్లోడు

గ్రామీ వాళ్ళు ఎవరికేమిచ్చారో లిస్టు తియ్యమంటారా? వద్దులెండి, రాత్రయింది.

కూచిపూడి_లక్ష్మి

ఆ రెండోసారి పాడింది నేనూ విన్నాను. కాళ్ళు కదుపుతోందని రికార్డులో కూడా తెలుస్తోంది నాకు. నా భ్రమ అనుకోండి.

సోమయాజులు

ఎప్పుడు పోయింది పాపం?

పాత_రికార్డులు

2010 మే 9న సార్, న్యూయార్క్‌లోనే, 92 ఏళ్ళు.

సుధ గారూ, మీ అమ్మాయికి చూపించాలంటే ముందు పిల్లల టీవీ షో సెసమీ స్ట్రీట్‌లో కెర్మిట్ కప్పతో పాడింది చూపించండి, పిల్లలకి బావుంటుంది. మీకైతే 1957 వాల్డార్ఫ్ రికార్డు, ఆ తర్వాత 1981ది. వరస మార్చకండి. స్ట్రేహార్న్‌ని తలుచుకుంటూ 1994లో చేసిన ఆల్బమ్ మూడోది, అది రాత్రిపూట వంటిల్లు సర్దుకున్నాక.

సుధ_ఎడిసన్

కప్ప వీడియో పెట్టాను, పెద్దది చూస్తోంది, చిన్నోడు మళ్ళీ మళ్ళీ పెట్టమంటున్నాడు. వాల్డార్ఫ్ రికార్డు రేపు కార్లో, ఆఫీసుకి వెళ్ళేటప్పుడు. బుల్లోడు గారూ, మీరు చెప్పిన ఎథెల్ వాటర్స్‌ది ఎక్కడ దొరుకుతుంది?

బెజవాడ_బుల్లోడు

కొత్త థ్రెడ్ పెట్టండి, చెప్తా. ఆవిడ కూడా డాన్స్ చేసేది, లక్ష్మి గారు కూడా రావాలి.